పుట్టింటికెళ్ళిన ఏకకణజీవి

పెళ్ళయి పాతికేళ్ళు నిండితే మొగుళ్ళు పెళ్ళాలకు ఏదో ఒకటి ఇచ్చుకుంటారు. ఎదురింటి సత్యవేణికి గాజులు వచ్చాయి. మూడో ఇంటి డాక్టరమ్మకు సింగపూర్ వచ్చింది. మందాకినికి మాత్రం బురదలో బతికే ఏకకణజీవి ఒకటి వచ్చింది.

ఆవగింజ మీద వాటిని ఒక వరసలో పడుకోబెడితే రెండు వందలు పడతాయట. అంటే కంటికి కనపడదు. కనపడని బహుమతిని నలుగురికీ చూపించుకోవడం ఎలాగో మందాకినికి ఆరేళ్ళయినా అంతుపట్టలేదు. పేరంటానికి వచ్చినవాళ్ళు "మీవారు మీకేమిచ్చారండీ?" అని అడిగితే "నా పేరు పెట్టారండీ" అనేది. "దేనికీ?" అంటే "కాఫీ తాగండి, చల్లారిపోతోంది" అనేది.

ఆ ఇచ్చిన మనిషి పేరు భీమశంకరం. కాకినాడ తీరంలో ఉన్న ఒక సముద్ర పరిశోధన కేంద్రంలో ముప్ఫై ఏళ్ళుగా బురద తోడుతున్నాడు. సముద్రం అడుగున మెత్తటి బురదలో, కొరడాలాంటి తోకలతో పాకే కశాభజీవులు కోట్లకొద్దీ ఉంటాయి. వాటిని సూక్ష్మదర్శినిలో చూసి, ఇది ఫలానాది, ఇది ఇంకా ఎవరికీ తెలియనిది అని తేల్చడం ఆయన ఉద్యోగం. తెలియనిది దొరికితే దానికి పేరు పెట్టడం ఆయన భోగం.

మందాకిని పేరు పెట్టుకున్న జీవి దొరికింది వాళ్ళ పుట్టింటి దగ్గరే. తాళ్ళరేవు అవతల ఉప్పుటేరు ఒడ్డున ఉంది ఆ ఊరు. అత్తారింటికి వెళ్ళిన అల్లుడు కడుపునిండా తిని ఓ కునుకు తియ్యాలి కదా. ఈయన పట్టుపంచె ఎగ్గట్టి ఏటి బురదలోకి దిగాడు. "అల్లుడుగారి ఉంగరం పడిపోయింది కాబోలు" అని ఊరంతా వచ్చి తలో చెయ్యీ వేసి వెతికింది.

"దీనికి నీ పేరే ఎందుకు పెట్టానో తెలుసా?" అన్నాడు ఆరేళ్ళ కిందట, మొహం వెలిగిపోతూ. "మూడంగలు వేస్తుంది. ఆగుతుంది. వెనక్కి తిరిగి బయల్దేరిన చోటికొచ్చి ఒకసారి చూసుకుంటుంది. అప్పుడు మళ్ళీ ముందుకెళ్తుంది. నువ్వు గేటు దాకా వచ్చి, గ్యాస్ కట్టేశానో లేదోనని వెనక్కెళ్తావు చూడూ, అచ్చం అలాగే. పైగా ఇక్కడ చిన్న నొక్కుంది. నీ గడ్డం మీద సొట్టలాగ."

పేరులో ముందుండే లాటిన్ ముక్క ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. వెనకున్న 'మందాకినీయే' మాత్రం పాలవాడిక్కూడా తెలుసు.

ఇందులో ఒక చిక్కుంది. దానికి పదేళ్ళ ముందు, భీమశంకరం తన జీవితంలో మొట్టమొదట కనిపెట్టిన జీవికి వాళ్ళ అక్క పేరు పెట్టాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచి చదివించిన అక్క, చూడామణి. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, నాలుగేళ్ళుగా వీళ్ళింట్లోనే ఉంటోంది. 'చూడామణీయే' అనే ఆ జీవి కాకినాడ రేవులో దొరికింది. ఎక్కడా ఆగదు. గీత గీసినట్టు తిన్నగా పోతుంది. అచ్చం ప్రార్థన బెల్లు కొట్టాక వరండాలో నడిచే హెడ్మిస్ట్రెస్‌లాగే. రెంటికీ చిక్కుడుగింజ ఆకారమే. తేడా నడకలోనూ, ఆ నొక్కులోనూ ఉంది.

అంటే ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే అలమరలో వాళ్ళిద్దరి సీసాలు. ఆ పరిశోధన కేంద్రంలో ఎవరికీ ఇందులో ప్రమాదం కనిపించలేదు. వాళ్ళంతా మగవాళ్ళు.

ఆ తరవాత డాక్టర్ రెహానా వచ్చింది, ఆవిడతోబాటు 'గమని' వచ్చింది.

గమని ఒక యంత్రం. అట్లపెనమంత గాజు పలక, దాని కింద నిమిషానికి లక్ష బొమ్మలు తీసే కెమెరా. ఆ పలక మీద ఒక్క బురద చుక్క వేస్తే చాలు, అందులో పాకే ప్రతి జీవి తోకనీ చదివి, నడకను బట్టి పేరు చెప్పేస్తుంది. భీమశంకరం నెల్లాళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూసి తేల్చేది, అది నిమిషంలో తేల్చేస్తుంది. రెహానాకి ముప్ఫై మూడేళ్ళు. ఎనిమిదేళ్ళు కష్టపడి తయారుచేసింది. రెండేళ్ళలో ప్రపంచంలోని పరిశోధనశాలలన్నీ దాన్ని తెప్పించుకున్నాయి.

అది పేర్లు చెప్పి ఊరుకోలేదు, పేర్లు తుడిచెయ్యడం మొదలుపెట్టింది. ఈ రెండూ ఒకటే, ఆ మూడూ ఒకటే అని. ఒకే జీవికి రెండు పేర్లున్నాయని తేలితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, తరవాతది రద్దు. అది శాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్న నియమం. అలా వెయ్యిన్నర పేర్లు పోయాయి. నార్వేలో ఎవరో ముసలాయన నలభై ఏళ్ళలో పెట్టిన పద్దెనిమిది పేర్లలో పదిహేడు పోయాయని, ఆయన సూక్ష్మదర్శిని అమ్మేసి తేనెటీగలు పెంచుకుంటున్నాడని భీమశంకరమే ఇంట్లో చెప్పాడు. చెప్పినప్పుడు నవ్వాడు కూడా.

ఆయన నవ్వని రోజు ఆ ఆషాఢంలో వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి, ఉప్మా ప్లేటు ముందు పెట్టుకుని, జీడిపప్పులు ఏరి పక్కన పెడుతున్నాడు. జీడిపప్పు ముందు తినెయ్యకుండా పక్కన పెట్టాడంటే విషయం తీవ్రమైనదే.

"ఏంటండీ?" అంది మందాకిని.

"గమనిలో మన రెండు సీసాలూ పెట్టారు ఇవాళ."

"ఊఁ."

"రెండూ ఒకటేనంది." ఆయన ప్లేటులోకి చూస్తూ అన్నాడు. "అన్నీ తిన్నగానే నడుస్తున్నాయి. నేనూ చూశాను. ఒక్కటీ వెనక్కి తిరగట్లేదు. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఒకటేనంది. పై శుక్రవారం కొత్త పేర్ల పట్టిక వస్తుంది. అందులో మందాకినీయే అని ఉండదు."

"మరి నేనేమైపోతాను?"

"చూడామణీయేలో కలుస్తావు."

ఎదురుగా కూర్చున్న చూడామణి ఉప్మా తినడం ఆపలేదు. నిమ్మబద్ద పిండుకుని, "పోన్లేవే మందాకినీ, బాధపడకు. ఎవరిలో కలిశావు? ఇంట్లోవాళ్ళలోనే కదా" అంది.

ఆ ఓదార్పు మందాకినికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"డీఎన్‌ఏ పరీక్షో ఏదో ఉంటుంది కదండీ?"

"పంపిస్తే రెండు నెలలు. పట్టికకి ఇంకా పది రోజులే ఉంది. ఒకసారి పోయిన పేరు మళ్ళీ తేవాలంటే నేను రిటైరవుతాను."

"పోనీ, మా ఊరెళ్ళి మళ్ళీ కాస్త బురద తోడండి."

"పోయినేడు తోడాను. ఆ ఒడ్డంతా రొయ్యల చెరువులైపోయింది. నీకు చెప్పలేదు. ఒక్కటీ దొరకలేదు. ఆ సీసాలో ఉన్నవే చివరివి, అవి కూడా నువ్వు కాదంటున్నాయి."

మందాకిని ప్లేట్లు తీసింది. 'పోతే పోయింది, బురద పురుగు' అనుకుంది. గిన్నెలు తోముతూ మరోసారి అనుకుంది. మూడోసారి అనుకునేటప్పటికి కళ్ళలోకి నీళ్ళొచ్చాయి. సబ్బు పడిందనుకుందామంటే ఆవిడ తోమేది బూడిదతో.

గేటు మీద పలక 'డా. భీమశంకరం'. గ్యాస్ బుక్కు ఆయన పేరు మీద. పెళ్ళి శుభలేఖలు 'శ్రీ భీమశంకరం దంపతులకు' అని వస్తాయి. బి.యస్సీ. జువాలజీ పట్టా మీద ఆవిడ పేరుంది గానీ ముందు పుట్టింటి ఇంటిపేరుంది. ఆ ఇంటిపేరు గల మనిషి ముప్ఫై ఏళ్ళుగా ఎక్కడా కనపడలేదు. ఇక ఆవిడ పేరు అచ్చయింది ఒక్కచోటే. ఒక విదేశీ పత్రికలో, నూట పద్నాలుగో పేజీలో, వాలు అక్షరాల్లో. ఆ కాగితాలు బీరువాలో వెంకటగిరి చీర మడతలో ఉన్నాయి. నలుగురికీ చూపించలేదని లేవనుకోకూడదు.

మర్నాడు పొద్దున్న చల్లమిరపకాయలు వేయిద్దామని మూతి వెడల్పు సీసా తీసింది మందాకిని. మూత తీస్తూ తీస్తూ అలాగే నిలబడిపోయింది.

ఆ సీసా మీద, ఎన్నిసార్లు కడిగినా పోని తెల్లకాగితం ముక్క ఒకటి అంటుకుని ఉంది. దాని మీద భీమశంకరం చేతిరాతతో 'చూ' అని ఉంది.

వేసవిలో పరిశోధనశాల ఏసీ పాడైంది. ముఖ్యమైన సీసాలు రెండూ భీమశంకరం ఇంటికి తెచ్చి, దేవుడి గది పక్కన చల్లటి మూల పెట్టాడు. "ముట్టుకోకు. వాటి తిండి వాటికుంది" అని చెప్పి మద్రాసులో ఆరు వారాల ట్రైనింగుకు వెళ్ళాడు. మందాకిని చూసింది. రెండు సీసాలు. రెంటిలోనూ సగం సగం ఉప్పునీళ్ళు, అడుగున ఒక్క బియ్యపు గింజ. ఇంటికొచ్చినవాళ్ళకి ఒక్క మెతుకా! ఆ ఇంట్లో కాకికి కూడా పిడికెడు పెడతారు. పైగా అవి చల్లమిరపకాయల రోజులు, పెద్ద సీసా ఒకటి అవసరమైంది.

సగం సగం ఉన్న రెండు గిన్నెల సాంబారును ఒక గిన్నెలోకి వంచి, ఒక గిన్నె ఖాళీ చేసుకోవడం ఏ ఆడదీ ఆలోచించి చేసే పని కాదు. చెయ్యి దానంతట అదే చేస్తుంది. మందాకిని చెయ్యీ చేసింది. వంచాక, రెండు గరిటెల గంజి పోసింది. ఆరు వారాల తరవాత భీమశంకరం తిరిగొచ్చి సీసాలు పట్టుకెళ్తానంటే, మళ్ళీ సగం సగం చేసి, మిరపకాయల సీసాకి బదులు అలాంటిదే ఇంకోటి తీసి, దాని మీద 'చూ' అని తనే రాసింది. జువాలజీ చదివిన మనిషి. ఆ చదువు అప్పుడు ఎక్కడికి పోయిందో తెలియదు, ఇప్పుడు మాత్రం మొత్తం తిరిగొచ్చింది.

ముందుగా ఆవిడకొచ్చిన అనుమానం ఒకటే. ఒక సీసాలో ఆరు వారాలు కలిసుంటే, రెంటిలో ఒకటే మిగిలిందంటే...

"వదినగారూ" అంది వంటింట్లోంచి, "చూడామణీయే మాంసం తింటుందా?"

"నాకేం తెలుసే? నేనైతే తినను" అంది చూడామణి పేపరులోంచి తలెత్తకుండా.

పదకొండు గంటలకల్లా మందాకిని కేరేజీ పట్టుకుని పరిశోధన కేంద్రానికి వెళ్ళింది. భీమశంకరం పడవ మీద బురదకి పోయాడు. ఆవిడకి కావలసిందీ అదే. గమని గదిలో రెహానా ఒక్కతే ఉంది.

"సారు లేరు మేడమ్."

"మీకే తెచ్చానమ్మా. గోంగూర పప్పు. తింటూ ఉండండి. నేనోసారి నన్ను చూసుకుంటాను."

రెహానా చేతిలో ముద్ద ఆగింది. తనవల్ల పేరు పోయిన మనిషి కేరేజీతో వచ్చి ఎదురుగా కూర్చోవడం ఆ అమ్మాయికి ఇదే మొదటిసారి. నార్వే ముసలాయన ఉత్తరం కూడా రాయలేదు. గబగబా చెయ్యి కడుక్కుని, 'మం' అని రాసున్న సీసాలోంచి చుక్క తీసి పలక మీద వేసింది. తెర వెలిగింది.

చిక్కుడుగింజలు వందలకొద్దీ, రైలు దిగిన జనంలాగ తిన్నగా పోతున్నాయి. ఒక్కటీ ఆగదు, ఒక్కటీ వెనక్కి చూడదు.

"కొంచెం పెద్దది చెయ్యమ్మా. ఇంకా. అదిగో, దాని పక్కన నొక్కుంది చూడు."

రెహానా కళ్ళు చిట్లించింది. "ఉంది. కానీ గమని ఆకారం చూడదు మేడమ్. ఆకారం ముసలితనంలో మారుతుంది, ఆకలికి మారుతుంది. నడక మారదు."

"దీనికుంది. దాని పక్కదానికి లేదు. ఇదిగో దీనికుంది. లెక్కపెట్టు తల్లీ, సగానికి సగం ఉన్నాయి." మందాకిని తెరకి ఇంకా దగ్గరగా జరిగింది. తినెయ్యలేదు. అందరూ ఉన్నారు. సొట్టలతో సహా ఉన్నారు. "నడక మారదని నీకెవరు చెప్పారు?"

"అదే కదా మేడమ్ గమనికి పునాది."

అప్పుడు మందాకిని చెప్పేసింది. సాంబారు గిన్నెల దగ్గర్నుంచి మొదలుపెట్టి, గంజి, మిరపకాయలు, తనే రాసిన 'చూ' దాకా. అయ్యాక రెహానా లేచి, తెర మీద రెండు జీవుల్ని పక్కపక్కన పెట్టి, తోకల్ని నెమ్మదిగా ఆడించి చూసింది. నొక్కు లేనిది తోక ఆడిస్తుంది. నీళ్ళలో అల లేస్తుంది. ఆ అల తగలగానే నొక్కున్నది తన తోకని దానికి కలుపుతుంది. గంజి తాగి సీసా కిక్కిరిసిపోయింది, ఎటు చూసినా ఆ అలే.

"కలిసి ఆడిస్తే శ్రమ తక్కువ" అంది రెహానా నెమ్మదిగా. "ఎదురు ఈదే బదులు కలిసిపోయింది."

"కలిసిపోక ఏం చేస్తుందమ్మా, ఆరు వారాలు."

రెహానా ఒకదాన్ని సన్నటి గొట్టంతో పీల్చి, శుభ్రమైన నీళ్ళలో ఒంటరిగా వదిలింది. గంటన్నర చూశారు. పక్కన ఎవరూ లేకపోయినా అది తిన్నగానే నడిచింది.

"అలవాటైపోయింది" అంది మందాకిని.

రెహానా కుర్చీలో కూలబడింది. "మేడమ్, నా యంత్రం కలిపేసిన వెయ్యిన్నర పేర్లు... ఆ సీసాలన్నీ కూడా పరిశోధనశాలల్లో కిక్కిరిసి పెరిగినవే. ఎవరు ఎవరితో ఉన్నారో నేను అడగలేదు." ఆ అమ్మాయి మొహం చూస్తే మందాకినికి తన పేరు సంగతి ఒక్క నిమిషం మరుపున పడింది. "శుక్రవారం లోపల ఇది ఒక్కసారి వెనక్కి తిరిగితే నేను పట్టిక ఆపించగలను. తిరగకపోతే ఎవరూ నమ్మరు. ఒక వంటింట్లో గంజి పోశారని రాస్తే అసలు నమ్మరు."

"తిరుగుతుంది. గాజు సీసాలో అందరి నడకా ఒకటే. వాళ్ళ ఊరి బురద మీద పెట్టి చూడు."

"అందులో వేరే జీవులుంటాయి మేడమ్."

"ఉడకబెడదాం."

ఆ సాయంత్రం ఇంట్లో రెండోసారి చెప్పాల్సొచ్చింది. చెపుతున్నంతసేపూ చూడామణి కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉంది. భీమశంకరం నోరు తెరిచి వింటున్నాడు. ప్రభుత్వ సీసాల్ని దేవుడి గది పక్కన పెట్టిన మనిషిగా తనకి రాబోయే మెమో ఆయన కళ్ళముందు ఆడుతోందని మందాకిని భయపడింది. ఆయన అడిగింది మాత్రం ఇది:

"గంజి చిక్కటిదా, పల్చటిదా?"

"చిక్కటిదేనండీ."

"ఉప్పు?"

"వెయ్యలేదు."

"నయం" అని, ఆయన డైరీలో రాసుకున్నాడు.

"అయితే ఏమంటావే?" అంది చూడామణి. "అది నా నడక నేర్చుకుందంటావు. మంచిదే కదా. బాగుపడింది."

"బాగుపడింది వదినగారూ. కొన్నాళ్ళు పుట్టింటికి పంపిద్దామని."

"ఒక్కదాన్నే ఎలా పంపుతావు?"

"నేనూ వెళ్తాను."

బస్సులో ఒళ్ళో స్టీలు కేరేజీ, అందులో దూది మధ్య మందుసీసా, మందుసీసాలో ఒకే ఒక్క జీవి. పక్క సీటావిడ "ఏంటండీ, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు?" అంది. "మా వదినగారింటి నుంచి తీసుకొస్తున్నామండీ, బెంగపెట్టుకుంది" అంది మందాకిని. ఆవిడ మరేం అడగలేదు, కాస్త పక్కకి జరిగింది.

పుట్టింట్లో తమ్ముడు చిట్టిబాబు, మరదలు పద్మజ ఉంటారు. ఒడ్డునున్న రొయ్యల చెరువుల్లో రెండు చిట్టిబాబువే. రోజూ పొద్దున్నే వాడు ఏటి మధ్యకి పడవ వేసుకెళ్ళి బకెట్టుతో బురద తెచ్చేవాడు. పద్మజ దాన్ని పాత అన్నం కుక్కరులో ఉడకబెట్టేది. "ఎన్ని విజిల్సు రావాలి వదినా?" అని మొదటి రోజు అడిగింది. ఆ వాసనకి పక్కింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. చల్లారాక చెంచాడు బురద గాజుపళ్ళెంలో పరిచి, భీమశంకరం పాత ఇత్తడి సూక్ష్మదర్శిని కింద పెట్టి మందాకిని కూర్చునేది.

మొదటి రోజు ఆ జీవి తిన్నగా నడిచింది. రెండో రోజుకి తనలో తానే చీలి నాలుగైంది. నాలుగూ తిన్నగానే నడిచాయి. నాలుగో రోజుకి అరవై, బడి పిల్లల్లాగ వరసలో.

"ఎలా ఉంది?" అని భీమశంకరం పూటపూటకీ ఫోను.

"పిల్లలతో బాగానే ఉంది. నడకొకటే..."

"నువ్వెలా ఉన్నావు?"

ఆ ప్రశ్న ఆయన సాధారణంగా అడగడు. "బాగానే ఉన్నానండీ" అంది మందాకిని.

ఆరో రోజు పొద్దున్న పద్మజతో గుడికి బయల్దేరింది మందాకిని. గేటు దాటి, మూడంగలు వేసి, చటుక్కున ఆగిపోయింది. "ఉండవే పద్మజా, గ్యాస్ కట్టేశామా?" అని వెనక్కి వచ్చింది. స్టవ్వు ముందు నిలబడ్డాక తట్టింది. నాలుగేళ్ళయింది ఇలా వెనక్కొచ్చి. వదినగారు వచ్చిన కొత్తలో ఒకటి రెండుసార్లు వెనక్కెళ్ళబోతే, "కట్టేశాను, నడు" అని ఆవిడ గొంతు వినపడేది. నడిచేది. తరవాత తరవాత ఆ గొంతు అవసరం కూడా లేకపోయింది.

మందాకిని గుడి సంగతి మర్చిపోయి సూక్ష్మదర్శిని దగ్గరికి పరుగెత్తింది. అవి తిన్నగానే పోతున్నాయి. ఒక పావుగంట చూసింది. "నీకు నాకంటే రెండ్రోజులు ఎక్కువ పడుతుందేమోలే" అని దానికి ధైర్యం చెప్పి లేచింది.

రెండ్రోజులూ పట్టలేదు. మర్నాడు, గురువారం, పద్మజ కాఫీ తెచ్చి పెట్టేవేళకి, అంచున ఉన్న ఒకటి మూడంగలు వేసింది. ఆగింది. తోక గాల్లో వేలు ఎత్తినట్టు ఎత్తింది. గిరుక్కున తిరిగి బయల్దేరిన ఇసుక రేణువు దగ్గరికొచ్చి, దాన్ని ఒకసారి తట్టి చూసి, మళ్ళీ ముందుకెళ్ళింది.

"చూశావా పద్మజా! గ్యాస్ చూసుకుంది!"

మధ్యాహ్నానికి రెహానా జీపులో వచ్చింది, ఒళ్ళో చిన్న గమనితో. అప్పటికి పళ్ళెంలో దాదాపు అన్నీ వెనక్కీ ముందుకీ తిరుగుతున్నాయి. చుక్క వేసి, ముగ్గురూ వంగి చూశారు. తెర మీద అక్షరాలు వచ్చాయి: మందాకినీయే, నూటికి తొంభై ఏడు.

రెహానా ఏడ్చిందో నవ్విందో పద్మజకి అర్థం కాలేదు. ఎనిమిదేళ్ళు పెట్టి చేసిన యంత్రం తప్పని తేలినందుకు అంత సంబరంగా ఎవరైనా ఉంటారా? "మూడు పాళ్ళు ఎటు పోయాయి?" అని మాత్రం మందాకిని అడిగింది.

"అవి ఇంకా చూడామణీయే లాగే ఉన్నాయి మేడమ్."

"ఉండనీలే. నాలుగేళ్ళు... అదే, ఆరు వారాలు ఉన్నాక ఆమాత్రం ఉంటుంది."

శుక్రవారం పట్టిక రాలేదు. రెహానా ఆపించింది. కలిపేసిన వెయ్యిన్నర పేర్లనూ తాత్కాలికంగా విడదీసి, ఒక్కొక్కరికీ క్షమాపణ ఉత్తరం తనే రాసింది. నార్వే ముసలాయన జవాబుగా తేనె పంపాడు. ఆ తరవాత గమనికి ఒక కొత్త పద్ధతి వచ్చింది. చుక్క వేసిన వెంటనే అది పేరు చెప్పదు. ముందు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: 'ఈ జీవి ప్రస్తుతం ఎవరితో ఉంటోంది? ఎన్నాళ్ళుగా?' ఆ ప్రశ్న రాసిచ్చింది ఎవరన్నది రెహానా వ్యాసంలో, కృతజ్ఞతలు చెప్పే చోట ఉంది. మందాకిని పేరు అచ్చయిన రెండో చోటు అది. ఇంటిపేరు లేకుండా, ఒఠ్ఠి మందాకిని.

భీమశంకరానికి మెమో కూడా వచ్చింది. అందులో 'గంజి' అనే మాట ప్రభుత్వ భాషలో ఎలా రాయాలో తెలియక 'బియ్యపు ద్రవం' అని రాశారు. దాన్ని ఆయన ఫ్రేము కట్టించుకున్నాడు.

శ్రావణంలో పరిశోధన కేంద్రంలో చిన్న సభ పెట్టారు. మందాకినీయేకీ, మందాకినికీ కలిపి. గేటు బయట ఆటో ఆగి ఉంది. ముందు సీట్లో భీమశంకరం, ఒళ్ళో రెండు కొత్త సీసాలు, మూతలకి మైనం సీలు, చుట్టూ నూలుదారం. మందాకిని వెంకటగిరి చీర కట్టుకుంది. చూడామణి తాళం వేసి, గొడుగు పుచ్చుకుని గేటు దాటింది. మందాకిని మూడంగలు వేసి ఆగింది.

"కట్టేశానే, నడు" అంది చూడామణి.

"ఒక్కసారి వదినగారూ" అని తాళంచెవి అందుకుని వెనక్కెళ్ళి, చూసుకుని, తాళం వేసి తిరిగొచ్చి ఆటో ఎక్కింది మందాకిని. చూడామణి తిన్నగా ఆటో వైపు నడిచింది. ఒకటి, రెండు, మూడు.

ఆగింది.

గొడుగు కొన నేల మీద ఆనించి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు నిలబడింది. ఆటోలోంచి భీమశంకరం వంగి చూశాడు. ఆ మనిషి అలా ఆగడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చెయ్యి దానంతట అదే జేబులో డైరీ కోసం వెతుకుతోంది.

"ఏంటక్కా?"

"ఏం లేదురా. వరండా ఫ్యాను..." అని చూడామణి వెనక్కి తిరిగి గేటు వైపు నడిచింది.